మార్షల్ కడుపులో పుండెందుకు పడలేదు?

కిందటి భాగం బారీ మార్షల్ గ్లాసు ఖాళీ చేసిన చోట ఆగింది. 1984లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఈ కుర్ర డాక్టరు, ఒక రోగి కడుపులోంచి తీసి పెంచిన బాక్టీరియాను తానే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు మొదలయ్యాయి, నోరు కంపు కొట్టింది. పదో రోజున ఎండోస్కోపీ చేయించుకుంటే జీర్ణాశయం లోపలి పొర వాచి ఉంది, దాని మీద మెలికలు తిరిగిన బాక్టీరియా బారులు తీరి ఉంది. మార్షల్ సహచరుడు రాబిన్ వారెన్ 1979 నుంచి మైక్రోస్కోపు కింద చూస్తూ వచ్చింది ఇదే. 2005లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. సినిమాకు పనికొచ్చే కథ. అందుకే అందరూ ఇక్కడే శుభం కార్డు వేసేస్తారు.

కాని మార్షల్‌కు పుండు పడలేదు. వాపు వచ్చింది, అంతే. పద్నాలుగో రోజున రెండోసారి ముక్క తీసి చూస్తే బాక్టీరియా జాడ లేదు. మందులు మింగకముందే అది తనంతట తానే పోయింది. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో ఆర్థర్ మోరిస్ అనే డాక్టరు కూడా అదే సాహసం చేశాడు. ఆయన కడుపులో బాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేసింది, వాపు అలాగే కొనసాగింది. పుండు మాత్రం ఆయనకూ పడలేదు. అంటే ఈ ప్రయోగాలు గెలిచింది సగం కేసే. బాక్టీరియా వల్ల గ్యాస్ట్రైటిస్, అంటే ఆ వాపు, వస్తుందని తేలింది. అల్సర్ ఎవరికి వస్తుందో తేలలేదు.

ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది కడుపుల్లో హెలికోబాక్టర్ పైలోరి అనే ఈ బాక్టీరియా ఉందని తర్వాత లెక్కలు వచ్చాయి. అది ఉన్నవాళ్లందరికీ లోపలి పొర ఎంతో కొంత వాచే ఉంటుంది. పుండు పడేది పదిమందిలో ఏ ఒకరిద్దరికో. క్యాన్సర్ దాకా పోయేది వందలో ఒకరిద్దరికి. మిగతావాళ్లు ఆ సంగతి తెలియకుండానే నిండు నూరేళ్లూ బతికేస్తారు. పురుగు ఒక్కటే అయితే రాత ఇన్ని రకాలుగా ఎందుకుంది? అసలు అది ఒక్కటేనా? ఈ భాగం కథంతా ఆ రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పుండు కొందరికే ఎందుకన్న ప్రశ్న దక్షిణ భారతంలో బాక్టీరియా పేరు కూడా పుట్టకముందే ఉంది. 1922లోనూ 1924లోనూ ఎవరెస్టు ఎక్కబోయిన బ్రిటిష్ బృందాల్లో థియోడర్ హోవర్డ్ సోమర్‌వెల్ అనే సర్జన్ ఒకడు. మొదటి యాత్ర ముగిశాక దేశం చూద్దామని దక్షిణాదికి దిగి, కన్యాకుమారి దగ్గర నెయ్యూరు మిషన్ ఆస్పత్రిలో ఉన్న రోగుల బారు చూసి అక్కడే ఉండిపోయాడు. ఆయన బల్ల మీదికి వచ్చిన కేసుల్లో ఆంత్రమూలంలో (చిన్నపేగు మొదటి భాగంలో) పుండ్లు కుప్పలు తెప్పలు. 1936లో సహచరుడు ఆర్‌తో కలిసి 2,500 కేసుల విశ్లేషణ ప్రచురించాడు. అప్పటికి ఇంగ్లండులో ఏ సర్జనూ ఒక్క చోట అన్ని పుండ్లు చూసి ఉండడు. ఆ తర్వాత మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆస్పత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవీ దేశమంతా ఆస్పత్రుల లెక్కలు పోగుచేసి ఒక పటం గీశాడు. వరి తినే దక్షిణాదిలో, తూర్పున పుండ్లు మెండు. గోధుమ, చిరుధాన్యాలు తినే ఉత్తరాదిలో తక్కువ. కారం కాదు, పులుపు కాదు, అసలు గుట్టు తిండి గింజలో ఉందని ఆయన చివరిదాకా నమ్మాడు. తెల్లగా మర ఆడించిన బియ్యంలో కడుపును కాపాడే కొవ్వు పదార్థాలు పోతాయన్నది ఆయన వాదన. మనవాళ్లకు ఇది రుచించే మాట కాదు కాని, కొట్టిపారేయదగ్గదీ కాదు.

మార్షల్, వారెన్ల తర్వాత టోవీ పటం మరీ ఇబ్బందికరంగా తయారైంది. ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ పరీక్షలు చేస్తే బాక్టీరియా రెండు చోట్లా దాదాపు సమానంగానే కనిపించింది. చిన్నతనంలోనే అంటుకుంటుంది, ఎక్కువమందిలో ఉంటుంది. మరి పుండ్లలో తేడా ఎక్కడిది? బహుశా దక్షిణాది బాక్టీరియా వేరే జాతిదేమో, దాని దగ్గర ఏదో అదనపు ఆయుధం ఉందేమో. అనుమానం సహజమే.

ఆయుధాల కోసం వెతుకులాట మొదలైంది అమెరికాలో. 1988లో రాబర్ట్ ల్యూంక్ బృందం ఒక తేలికపాటి ప్రయోగం చేసింది. బాక్టీరియాను ద్రవంలో పెంచి, ఆ తర్వాత బాక్టీరియాను వడగట్టేసి, మిగిలిన రసాన్ని ప్రయోగశాలలో పెరుగుతున్న కణాల మీద పోసింది. కొన్ని స్ట్రెయిన్ల (ఒకే బాక్టీరియాలోని ఉపరకాల) రసానికి కణాల లోపల బుడగలు బుడగలుగా ఖాళీలు ఏర్పడ్డాయి. మరికొన్నిటికి ఏమీ కాలేదు. ఇంచుమించు సగానికి సగం. ఒకే పేరున్న జీవిలో విషం కక్కేవి, కక్కనివి రెండు తెగలున్నాయని తొలిసారి కంటికి కనిపించింది. నాష్‌విల్‌లో టిమ్ కవర్, మార్టిన్ బ్లేజర్ ఆ విషాన్ని 1992లో శుద్ధి చేశారు. దాని పేరు వాక్‌ఏ. తీరా జన్యువు దొరికాక చూస్తే అది విషం కక్కని స్ట్రెయిన్లలో కూడా ఉంది! తేడా ఉన్నది జన్యువు ఉండటంలో కాదు, దాని రాతలో. 1995లో జాన్ ఆథర్టన్ ఆ జన్యువు తల దగ్గరా నడుమ దగ్గరా ఉన్న తేడాలను బట్టి స్ట్రెయిన్లకు ఎస్1, ఎస్2, ఎమ్1, ఎమ్2 అని గుర్తులు పెట్టాడు. ఎస్1 ఉన్నవాటితో పుండ్లు ఎక్కువ, ఎస్2 ఉన్నవి దాదాపు సాధువులు.

ఇంతలో ఇంగ్లండులోని లీడ్స్‌లో జీన్ క్రాబ్‌ట్రీ రోగుల ప్రతిరక్షకాలను పరీక్షిస్తోంది. పుండ్లున్నవాళ్లలో దాదాపు అందరి శరీరమూ బాక్టీరియాకు చెందిన ఒక పెద్ద ప్రొటీన్‌ను గుర్తుపట్టింది. పుండు లేని, వాపు మాత్రమే ఉన్నవాళ్లలో చాలామంది గుర్తుపట్టలేదు. ఆ ప్రొటీన్‌కు జన్యువేదో వెతకడం తరువాయి. 1993లో రెండు బృందాలు విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. ఒకటి నాష్‌విల్‌లో బ్లేజర్ వాళ్లది. రెండోది ఇటలీలోని సియెనాలో అంతోనెల్లో కొవాచ్చి, రీనో రప్పువోలీలది. దాని పేరు క్యాగ్‌ఏ.

సియెనా దగ్గర కాసేపు ఆగాలి. మధ్యయుగాల గోడలు, గుర్రప్పందేలు తప్ప పర్యాటకులకు మరేమీ తెలియని ఊరు అది. అక్కడే 1904 నుంచి స్క్లావో సంస్థ టీకాలు తయారుచేస్తూ వచ్చింది. కొవాచ్చి, రప్పువోలీలు ఈ బాక్టీరియాకు టీకా చేద్దామని దిగినవాళ్లు. టీకా సంగతి పక్కకు పోయింది, ఇప్పటికీ ఈ రోగానికి టీకా రాలేదు. కాని వాళ్లు క్యాగ్‌ఏ జన్యువుకు ఇరుగు పొరుగు ఎవరా అని చదువుకుంటూ పోయారు. ఒక జన్యువు పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. మొత్తం 40,000 అక్షరాల మేర, 30 దాకా జన్యువుల గుంపు. విచిత్రమేమిటంటే ఆ గుంపు మొత్తంగా ఉంటుంది, లేదా మొత్తంగా ఉండదు. లేని స్ట్రెయిన్లలో ఆ చోట అటూ ఇటూ ఉన్న జన్యువులు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఎవరూ ఎప్పుడూ లేనట్టే ఉంటాయి. పైగా బాక్టీరియా డీఎన్ఏలో మిగతా అంతటా జీ, సీ అక్షరాలు 39 శాతం ఉంటే ఇక్కడ 35 శాతమే. ఇది సొంత సొత్తు కాదు, ఎప్పుడో ఏ ఇతర జీవి నుంచో వచ్చి చేరింది. 1996లో స్టెఫానో చెన్సినీ మొదటి పేరుగా ఆ వ్యాసం వచ్చింది. జన్యువుల్లో రోగకారక ద్వీపం అన్నారు దాన్ని.

ఆ 30 జన్యువులు చేసే పనేమిటి? వరస చూడగానే పోలిక తెలిసింది. మొక్కలకు కణితులు తెచ్చే ఆగ్రోబాక్టీరియం తన డీఎన్ఏను మొక్క కణంలోకి ఎక్కించడానికి వాడే యంత్రాంగం లాంటిదే ఇక్కడా ఉంది. సూది లాంటి ఒక గొట్టం. గొట్టమైతే ఉంది, అందులోంచి ఏం వెళ్తోందో తెలియదు.

దీనికి జవాబు చాలా కాలంగా అందరి కళ్లెదుటే ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో స్టాన్లీ ఫాల్కో శిష్యులు 1996లోనే ఒక విషయం గమనించారు. బాక్టీరియా కడుపు కణానికి అతుక్కోగానే కణంలో 145 కిలోడాల్టన్ల ప్రొటీన్ ఒకటి రసాయనికంగా మారుతోంది. అది మనిషి కణం సొంత ప్రొటీన్ అనుకున్నారు. అనుకోకేం చేస్తారు, కనిపించింది మనిషి కణంలో కదా! 1999, 2000 సంవత్సరాల్లో స్టాన్‌ఫర్డ్, సియెనా, జర్మనీ, జపాన్ బృందాలు ఒకదాని వెంట ఒకటి తేల్చిన సంగతి ఏమిటంటే ఆ ప్రొటీన్ మనిషిది కాదు. అది క్యాగ్‌ఏ. బాక్టీరియా దాన్ని గొట్టం గుండా కణంలోకి పొడిచి పంపుతోంది. లోపలికి వెళ్లాక మన ఎంజైములే దానికి ఫాస్ఫేటు తగిలించి పనిలోకి దింపుతున్నాయి. పని మొదలయ్యాక గుండ్రని కణాలు పొడుగ్గా సాగి, ముక్కు పొడుచుకొచ్చిన హమ్మింగ్ పక్షుల్లా తయారవుతాయి. కణాల మధ్య కట్లు వదులవుతాయి. 2002లో జపాన్‌లోని సప్పోరోలో మసనోరి హతకెయామా బృందం అసలు కిటుకు పట్టుకుంది. క్యాగ్‌ఏ మన కణంలోని షిప్-2 అనే ఎంజైమును పట్టుకుని, కణం పెరుగుదల మీద అదుపు తప్పిస్తోంది. 2008లో ఇదే బృందం బాక్టీరియా లేకుండా ఒక్క క్యాగ్‌ఏ జన్యువును ఎలుకల్లో పెడితే వాటిలో కొన్నిటికి క్యాన్సర్లు వచ్చాయి. బాక్టీరియా తయారుచేసే ప్రొటీన్ ఒక్కటే క్యాన్సర్ తేగలదని చూపడం అదే మొదలు.

క్యాగ్‌ఏలోనూ రెండు ముఖ్య రకాలున్నాయి. జపాన్, కొరియా, చైనా స్ట్రెయిన్లలోది షిప్-2ను గట్టిగా పట్టుకుంటుంది. ఐరోపా స్ట్రెయిన్లలోది అంత గట్టిగా పట్టుకోదు. తూర్పు ఆసియాలో జీర్ణాశయ క్యాన్సర్ ఎందుకంత ఎక్కువో చెప్పడానికి ఇది చక్కగా సరిపోయింది. దోషి దొరికాడు, ఆయుధం దొరికింది, ఆయుధం పదును కూడా కొలిచారు. కేసు మూసేయొచ్చు.

మూయనివ్వనిది మన వైపు ప్రపంచం. ఐరోపా, అమెరికా బాక్టీరియాలో మూడింట రెండు వంతులకు క్యాగ్ ద్వీపం ఉంటుంది, మిగతావాటికి ఉండదు. అందుకే అక్కడ క్యాగ్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడటానికి కుదిరింది. కలకత్తాలో బేలియాఘాటాలోని జాతీయ కలరా సంస్థలో ఆశిష్ ముఖోపాధ్యాయ్ తదితరులు 2000లో స్థానిక స్ట్రెయిన్లను విప్పి చూస్తే అత్యధికం క్యాగ్ ఉన్నవే, వాక్‌ఏ చూస్తే ఎస్1 రకమే. పుండు ఉన్నవాడి కడుపులోనూ అదే, కడుపు నొప్పంటే తెలియనివాడి కడుపులోనూ అదే. ముద్దాయిలందరి చేతిలోనూ ఒకే కత్తి ఉంటే, హంతకుడెవరో కత్తిని చూసి చెప్పలేం కదా. అంతేకాదు, ఇంత క్యాగ్ ఉన్నా ఈ దేశంలో జీర్ణాశయ క్యాన్సర్ జపాన్‌తో పోలిస్తే చాలా తక్కువ. భారతీయ స్ట్రెయిన్లలో క్యాగ్‌ఏ ఎక్కువగా పాశ్చాత్య రకమేనన్నది ఇందుకు కొంత సమాధానం. పూర్తి సమాధానం మాత్రం కాదు.

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో నియాజ్ అహ్మద్ బృందం ఈ చిక్కుముడిని వేరే కొస నుంచి విప్పబోయింది. పలు దేశాల రోగుల స్ట్రెయిన్లను తీసుకుని ద్వీపాన్ని మొదటినుంచి చివరిదాకా తడిమి చూస్తే, చాలావాటిలో అది చెక్కుచెదరకుండా లేదు. ఎక్కడో ఒకచోట ముక్క ఊడి ఉంది. 2004లో ఆ వ్యాసం వచ్చింది. క్యాగ్‌ఏ ఒక్కటి ఉందా లేదా అని చూసి ఊరుకునే పరీక్షలకు ఇది గట్టి దెబ్బే. గొట్టం విరిగితే మందుగుండు ఉండి ఏం లాభం?

ఇంతకీ ఒక స్ట్రెయిన్‌కూ ఇంకొక స్ట్రెయిన్‌కూ తేడా ఎంత? 1997లో అమెరికాలోని టైగర్ (TIGR) పరిశోధన సంస్థ 26695 అనే స్ట్రెయిన్ జీనోమ్‌ను మొత్తం చదివింది. ఇంగ్లండులో గ్యాస్ట్రైటిస్ ఉన్న ఒక రోగి నుంచి తీసిన స్ట్రెయిన్ అది. 16,67,867 అక్షరాలు, 1,590 దాకా జన్యువులు. రెండేళ్లకు జే99 వచ్చింది, అమెరికాలో ఆంత్రమూలం పుండు ఉన్న రోగిది. ఒకే జాతి బాక్టీరియాకు రెండు పూర్తి జీనోములు చేతిలో ఉండటం లోకంలో అదే మొదటిసారి. వాపు స్ట్రెయిన్‌నూ పుండు స్ట్రెయిన్‌నూ పక్కపక్కన పెడితే పుండు జన్యువు తనంతట తానే బయటపడుతుందని ఆశపడ్డారు. పడలేదు. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని జన్యువులు ఆరేడు శాతం ఉన్నాయి. వాటిలో సగం దాకా ఒకే ఒక్క అస్థిరమైన ప్రాంతంలో పోగుపడి ఉన్నాయి. అవి చేసే పనేమిటో ఎక్కువ వాటి విషయంలో ఎవరికీ తెలియదు. 2005లో యమవోకా అనే పరిశోధకుడి బృందం ఆ ప్రాంతంలోంచే ఒక జన్యువును తీసి, పుండును ప్రోత్సహించేది ఇదేనంది. దాని పేరు డూప్‌ఏ. కొన్ని దేశాల్లో నిజమే అనిపించింది, కొన్ని దేశాల్లో కాదనిపించింది. ఇలా ప్రతి కొత్త జన్యువుకూ కొన్నేళ్ల వైభోగం, ఆపైన వేరే దేశం నుంచి ఒక కాదు. చదివేవాడికి నవ్వొస్తుంది కాని, పరిశోధన చేసేవాళ్ల మొహాలు గుర్తొస్తే జాలేస్తుంది.

అసలు ఇబ్బంది ఈ బాక్టీరియా స్వభావంలోనే ఉంది. అది కాపీ తప్పులు ఎక్కువ చేస్తుంది, పైగా పక్క బాక్టీరియా డీఎన్ఏను యథేచ్ఛగా కలుపుకుంటుంది. 1998లో సెబాస్టియన్ సుయెర్‌బౌమ్, మార్క్ అక్ట్‌మన్లు కొలిచి చూస్తే ఈ కలగలుపు వేరే ఏ బాక్టీరియాలోనూ అంతవరకూ చూడనంత ఎక్కువగా ఉంది. సంబంధం లేని ఏ ఇద్దరి కడుపుల్లోనూ ఒకే స్ట్రెయిన్ ఉండదు. అయితే ఇది గాలిలో ఎగిరి వచ్చే రోగం కాదు. అమ్మ నుంచి బిడ్డకు, ఇంట్లోవాళ్ల నుంచి ఇంట్లోవాళ్లకు పసితనంలోనే వస్తుంది. తరతరాలుగా ఒకే ఇంటి తోడుతో పెరుగు పేరుకున్నట్టు ఒక్కో వంశంలో ఒక్కో స్ట్రెయిన్ సాగుతూ ఉంటుంది. కాబట్టి పుండు గుట్టు విప్పలేకపోయిన ఆ తేడాలే ఇంకో కథ చెప్పాయి.

2003లో డేనియల్ ఫాలుష్, అక్ట్‌మన్, సుయెర్‌బౌమ్ తదితరులు ప్రపంచం నలుమూలల స్ట్రెయిన్లను వంశవృక్షంగా అమర్చితే అది మనుషుల వలసల పటంలా వచ్చింది. 2007లో ఇంకా ముందుకు వెళ్లారు. దాదాపు 58,000 ఏళ్ల కిందట మనుషులు తూర్పు ఆఫ్రికా వదిలి బయల్దేరినప్పుడే ఈ బాక్టీరియా వాళ్ల కడుపుల్లో ఉంది. లడఖ్‌లో వెయ్యేళ్లుగా పక్కపక్కన బతుకుతున్న బౌద్ధులనూ ముస్లింలనూ వాళ్ల సొంత డీఎన్ఏ గుర్తులు వేరు చేయలేకపోయాయి. వాళ్ల కడుపులోని బాక్టీరియా వేరు చేసింది. ఆ వ్యాసం 2004లో వచ్చింది.

మనవాళ్ల బాక్టీరియా ఎక్కడిదన్న ప్రశ్న అక్కడ మొదలైంది. 2007లో సీడీఎఫ్‌డీ బృందమే భారతీయ స్ట్రెయిన్ల మూలాలు ఐరోపా శాఖలో ఉన్నాయంది, వ్యవసాయంతో, భాషలతో పాటు పడమటి నుంచి వచ్చాయేమో అని ఊహించింది. మరోవైపు భారతదేశంలోనూ దక్షిణాసియాలోనూ ఒక ప్రత్యేక శాఖ ఉందని, దానికి ఆసియా2 అని పేరు పెట్టినవాళ్లున్నారు. ఈ తగాదాకు అనుకోని సాక్షి 2016లో ఆల్ప్స్ మంచులోంచి వచ్చాడు. 5,300 ఏళ్ల కిందట చనిపోయి, 1991లో బయటపడ్డ మంచుమనిషి ఓట్సీ కడుపులోంచి ఇటలీలోని బొల్సానోలో ఫ్రాంక్ మైక్స్‌నర్, ఆల్బర్ట్ జింక్ల బృందం హెచ్. పైలోరి జీనోమ్‌ను మళ్లీ కూర్చింది. ఐరోపా నడిబొడ్డున చచ్చిపోయినవాడి బాక్టీరియా నేటి ఐరోపా వాళ్లదానిలా లేదు. నేటి మధ్య, దక్షిణాసియా రకాలకు దగ్గరగా ఉంది. ఆఫ్రికా రక్తం కలిసి నేటి ఐరోపా రకం తయారైంది ఆ తర్వాతేనన్నమాట. ఓట్సీ స్ట్రెయిన్‌లో క్యాగ్‌ఏ ఉంది, వాక్‌ఏ ఎస్1 రకం, వాపును సూచించే ప్రొటీన్లు కూడా దొరికాయి. పుండు ఉందో లేదో మాత్రం తెలియదు. కడుపు లోపలి పొర మిగల్లేదు. ఈ కథలో పుండు మరీ దొరకని వస్తువైపోయింది.

మలేషియా సంగతి చెప్పకుండా వదలబుద్ధి కావడం లేదు. రబ్బరు తోటల కాలంలో తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర కూలీలు కూడా అక్కడికి వెళ్లారు. నేడు అక్కడి భారతీయ సంతతి కడుపుల్లో దక్షిణాసియా శాఖ, చైనీయుల కడుపుల్లో తూర్పు ఆసియా శాఖ ఉన్నాయి. మలయ్ ప్రజల్లో అసలు ఈ బాక్టీరియానే తక్కువ, ఉన్నచోట అది భారతీయుల నుంచి ఈమధ్య అంటినట్టు 2009 నాటి పరిశోధన చూపింది. అదే ఊళ్లు, అవే ఆస్పత్రులు. బాక్టీరియా సోకినవాళ్ల శాతం భారతీయుల్లో ఎక్కువ. జీర్ణాశయ క్యాన్సర్ మాత్రం చైనీయుల్లో ఎక్కువ. స్ట్రెయిన్ ముఖ్యమనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడదు. అయితే తిండి వేరు, మనుషుల జన్యువులు వేరు అని ఎదుటివాడు అంటే వెంటనే కాదనలేం. 2000లో ఎమాద్ ఎల్-ఒమర్ అనే పరిశోధకుడు చూపింది కూడా ఇదే. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 జన్యువు కొందరిలో ఒక రకంగా, కొందరిలో మరో రకంగా ఉంటుంది. ఆ తేడాను బట్టి ఒకే బాక్టీరియా ఒకరిలో ఆమ్లాన్ని తగ్గించి క్యాన్సర్ దారి పట్టిస్తుంది, ఇంకొకరిలో పట్టించదు.

ఇక్కడే ఆంత్రమూలం పుండు స్వభావం అర్థమవుతుంది. వాపు జీర్ణాశయం కింది భాగానికే పరిమితమైతే గాస్ట్రిన్ హార్మోను పెరిగి, ఆమ్లం పెరిగి, అది కిందికి కారి ఆంత్రమూలాన్ని తినేస్తుంది. వాపు పైభాగం దాకా పాకితే ఆమ్లం చేసే కణాలే నశిస్తాయి. పుండు పడితే జీర్ణాశయంలోనే పడుతుంది, లేదా క్యాన్సర్ వస్తుంది. ఆంత్రమూలం పుండు ఉన్నవాళ్లకు జీర్ణాశయ క్యాన్సర్ తక్కువని 1996లో స్వీడన్ లెక్కలు చెప్పాయి. నెయ్యూరులో సోమర్‌వెల్ బల్ల మీదికి వచ్చినవాళ్లు మొదటి దారిలో పోయినవాళ్లు. వాళ్లను ఆ దారి పట్టించింది స్ట్రెయినా, బియ్యమా, చిన్నప్పటి తిండా, వంశమా? టోవీ పటానికి పూర్తి జవాబు ఇంకా రాలేదు.

మరి నేటి డాక్టరు ఏం చేస్తాడు? క్యాగ్ ఉందా లేదా అని చూడడు. 2015లో వచ్చిన వైద్య నిపుణుల క్యోటో ఒప్పందం ప్రకారం బాక్టీరియా దొరికితే చాలు, స్ట్రెయిన్ ఏదైనా, పుండు ఉన్నా లేకున్నా, వైద్యం చేయకూడని ప్రత్యేక కారణం లేకపోతే తుడిచిపెట్టేయడమే. రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లాన్ని తగ్గించే మాత్ర ఒకటి, రెండు వారాలు. ఇప్పుడు డాక్టర్లను నిజంగా కలవరపెడుతున్న జన్యు తేడా వేరే ఉంది. అది ద్వీపాల్లో లేదు, గొట్టాల్లో లేదు. రైబోజోమ్ జన్యువులో ఒక్క అక్షరం, 2143వ స్థానంలో ఏ పోయి జీ వస్తే క్లారిత్రోమైసిన్ ఇక పనిచేయదు. మందుల దుకాణంలో చీటీ లేకుండా మాత్రలు అమ్మే మన దేశంలో ఆ అక్షరం ఎలా మారుతూ వచ్చిందో వచ్చే భాగంలో.